ముప్ఫై ఒకటో పేజీ

పొద్దున్న పదకొండు దాటి ఇరవై నిమిషాలకి నేను దొంగనని నాకు తెలిసింది. సాయంత్రం నాలుగింటికి యాభై మందికి తెలియబోతోంది. ఐదున్నరకి ఆ యాభై మంది ముందే నాకు జ్ఞాపిక ఇవ్వబోతున్నారు.

ముందు మా పనేమిటో చెప్పాలి. లేకపోతే నేను దొంగిలించిందేమిటో అర్థం కాదు.

నాటకశాలలకి ఏటా వందల స్క్రిప్టులు వస్తాయి. వాటిని చదివి ఏది ఆడాలో, ఏది తిప్పి పంపాలో చెప్పేవాణ్ణి లిటరరీ మేనేజర్ అంటారు. ఎంచిన నాటకం రాసినాయన పక్కన కూర్చుని, ఇక్కడ సాగుతోంది, అక్కడ ఉరుకుతోంది అంటూ దాన్ని దారిలో పెట్టేవాణ్ణి డ్రామటర్గ్ అంటారు. మా నాటకశాలలో రెండు కుర్చీలూ నావే. రెండేళ్ళకోసారి ఈ పని చేసేవాళ్ళందరం ఒకచోట చేరతాం. ఈసారి మా వంతు. యాభై మంది చదువరులు ఒక కప్పు కిందికి చేరితే ఎలా ఉంటుందంటే, భోజనాల దగ్గర మెనూ కార్డు చేతికిచ్చినా రెండో పేజీలో వేగం తగ్గిందంటారు.

ఆ సదస్సులో అందరూ ఎదురుచూసేది ఒక్కటే. దాన్ని మేం క్షమాపణల గంట అంటాం. ఆతిథ్యమిచ్చే నాటకశాల తాను ఎప్పుడో తిరస్కరించిన స్క్రిప్టు ఒకటి బయటికి తీస్తుంది. ఆ నాటకశాల ప్రాంప్టరు దాన్ని నటన లేకుండా, వార్తలు చదివినట్టు చదువుతుంది. తర్వాత ఆ స్క్రిప్టు మీద అప్పట్లో రాసిన అభిప్రాయం కార్డు చదువుతారు. తిరస్కరించడం సరైనదేనా కాదా అని చేతులెత్తి తేలుస్తారు. తప్పని తేలితే కార్డు రాసినవాడు లేచి, ఎక్కడున్నాడో తెలియని ఆ రచయితకి క్షమాపణ చెప్పాలి. అంతా నవ్వులాటే. నాకు తెలిసి ఎవరూ నిజంగా చెప్పింది లేదు.

ఆ రోజు ఇంట్లో బయల్దేరుతుంటే వదిన ఒక నల్ల కోటు తెచ్చి కుర్చీకి తగిలించింది.

"మీ అన్నయ్యది. ఇవాళ్టికి వేసుకో."

అన్నయ్య పోయి ఎనిమిదేళ్ళు. రాత్రి మామూలుగా పడుకున్నాడు, పొద్దున లేవలేదు. గుండె అన్నారు. ముందు ఒక్క సూచనైనా లేదు. అమ్మానాన్నలు లేని నన్ను పదకొండేళ్ళప్పటి నుంచి పెంచింది వాళ్ళిద్దరే.

"భుజాల దగ్గర బిగుతేమో వదినా."

"పదిహేను నిమిషాల ప్రసంగానికి ఊపిరి బిగబట్టుకోలేవా?" అంది. ముక్కు మీద కొత్త కళ్ళద్దాలు. ఎప్పుడు చేయించుకుందని అడిగాను.

"మొన్నీమధ్యే. సాయంత్రం చదవాలిగా. యాభై మంది మేధావుల ముందు నేను తడబడితే మరిదిగారి పరువేం కాను?"

వదినే మా నాటకశాల ప్రాంప్టరు. ఇరవై రెండేళ్ళుగా తెర పక్కన చిన్న దీపం ముందు స్క్రిప్టు పట్టుకుని కూర్చుంటుంది. మాట మరిచిపోయిన నటుడికి మాట అందించడం ఆమె పని. దానికి ఆమె పెట్టుకున్న నియమం ఒకటుంది. వాక్యమంతా ఇవ్వదు. నాలుగు మాటలు ఇస్తుంది. ఐదోది నటుడిదే. "పూర్తిగా ఇస్తే బద్ధకం నేర్పినట్టు" అంటుంది. నేను వంటింటికీ హాలుకీ మధ్య తిరుగుతూ రెండు రోజులు వల్లించిన ప్రసంగం కూడా ఈపాటికి ఆమెకి నోటికి వచ్చేసే ఉంటుంది. సదస్సులో ప్రసంగించేవాళ్ళకి మాట అందించే పని కూడా ఆమెకే అప్పజెప్పాం. ఒకరి నాటకాల్లో తప్పులు పట్టే మావాళ్ళకి స్టేజీ ఎక్కితే కాళ్ళు వణుకుతాయి.

పదకొండింటికి టీ విరామం ఇచ్చారు. హాల్లో చదవాల్సిన స్క్రిప్టు నీలం ఫైల్లో బల్ల మీద పెట్టి ఉంది. ముందుగా చూడకూడదు. చూశాను. కార్డు నాదైతే ఓ చమత్కారం సిద్ధం చేసుకుందామని, అంతే.

217 నంబరు. పేరు లేదు. మా దగ్గర ఏ స్క్రిప్టుకీ పేరుండదు. రాగానే కవరు పేజీ చింపి, రెండింటి మీదా ఒకే నంబరు వేసి, కవర్లని స్టీలు బీరువాలో పెట్టి తాళం వేస్తారు. ఎవరు రాశారో తెలియకుండా చదవాలని ఆ పద్ధతి నేనే పెట్టాను.

అలవాటు ప్రకారం మొదటి పది పేజీలు, చివరి ఐదు పేజీలు తిరగేశాను. మా వృత్తిలో పైకి చెప్పని రహస్యం ఇది. చేపలు కొనేవాడిలా తలా తోకా చూస్తాం. మధ్యలో ముల్లుందో మాంసముందో తినేవాడికి వదిలేస్తాం.

తల బాగానే ఉంది. తోక దగ్గర నా చేయి ఆగిపోయింది.

చివరి దృశ్యం. భర్త పోయాడు. భార్య అతని కోటు తెచ్చి ఒళ్ళో పెట్టుకుంటుంది. జేబులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెడుతుంది. తర్వాత సూది, నల్ల దారం తీసుకుని ఆ కోటు జేబులన్నీ ఒక్కొక్కటే కుట్టేస్తుంది. మాట లేదు. ఆరు నిమిషాలు.

నాలుగేళ్ళ కింద మేం ఒక జడ్జి కథ ఆడాం. నూట నలభై ప్రదర్శనలు. జనం వచ్చింది దాని చివరి ఆరు నిమిషాల కోసం. జడ్జి భార్య ఆయన కోటు జేబులు కుట్టేస్తూ కూర్చుంటుంది. మాట లేదు. నాటకం ఇంకా పదకొండు రోజుల్లో మొదలవుతుందనగా రచయిత ముగింపు దొరక్క తల పట్టుకుంటే, నేను టీ తాగుతూ "జేబులు కుట్టేస్తే?" అన్నాను. ఆయన నన్ను కౌగలించుకున్నాడు. ముగింపు నాది కాదు, మా డ్రామటర్గ్‌ది అని ఎక్కడికెళ్ళినా చెప్పాడు. ఇవాళ్టి జ్ఞాపిక దానికే.

217 వచ్చింది ఆరేళ్ళ కింద. పసుపు కార్డు మీద తేదీ ఉంది. కింద నా చేతిరాత.

"ఆరంభం పర్వాలేదు. భర్త ఎలా పోయాడో రచయిత చెప్పడు. చివర ఆరు నిమిషాల మౌనం నవ్వులపాలవుతుంది. వద్దు."

నాకు గుర్తులేదు. ఒట్టేసి చెప్పగలను. కాకపోతే ఎవరైనా నిజంగా ఒట్టు వేయమంటే ముందు కాసిని మంచినీళ్ళు అడుగుతాను. ఏడాదికి నాలుగొందల స్క్రిప్టులు చూసేవాడి బుర్ర ధర్మసత్రం లాంటిది. ఎవరు వచ్చి పడుకున్నారో, ఎవరు దుప్పటి వదిలేసి పోయారో యజమానికి తెలియదు. ఆ దుప్పటి నేను నాదనుకుని కప్పుకున్నాను.

ఇదంతా నిజమే. కానీ కార్డు అలా చెప్పదు. నువ్వు చదివావు, పారేశావు, తర్వాత తీసి వాడుకున్నావు అని చెబుతుంది.

హాలు తలుపు దగ్గర మాటలు దగ్గరయ్యాయి. కార్డు పీకేశాను. కోటు లోపలి జేబులోకి తోయబోయాను. వెళ్ళలేదు. మళ్ళీ తోశాను. వేళ్ళకి వరసగా కుట్లు తగిలాయి.

బయటి కుడి జేబు. కుట్టేసి ఉంది. ఎడమది. అదీ అంతే. పైన రుమాలు పెట్టుకునేది కూడా. కోటు విప్పి వెలుగులో చూశాను. నల్ల దారం, బియ్యపు గింజ కంటే చిన్న కుట్లు, ఒక్కటీ వంకర లేదు.

ఆ కుట్లు నాకు తెలుసు. నా చొక్కాల గుండీలన్నీ ఆ చేత్తో కుట్టినవే.

కార్డుని చొక్కా కింద బెల్టులోకి దోపుకున్నాను. 217 ని చంకలో పెట్టుకుని స్టోరు గదికి పరిగెత్తాను.

స్టోరు గుమాస్తాని అందరం బీరువా అంటాం. మనిషి కూడా అలాగే ఉంటాడు, ఎత్తుగా, వెడల్పుగా, తాళం వేసినట్టు. ఇక్కడ చేరి మూడేళ్ళయింది.

"కవర్ల బీరువా తాళం ఇవ్వు."

"ఎంచుకున్నవాటి కవర్లే మీకు చూపాలి సార్. రూలు మీరే రాశారు."

"సదస్సు అధ్యక్షురాలు అడిగింది."

అబద్ధం నోట్లోంచి నూనె రాసినట్టు జారింది. బీరువా కాసేపు నన్ను చూశాడు. చంకలో ఫైలు చూశాడు. మొహం వెలిగింది.

"అది నేనే ఎంచాను సార్! మొత్తం చదివాను. చదివి ఇక్కడే కూర్చుని ఏడ్చాను, మా ఆవిడకి చెప్పకండి. ఎవరు రాశారో తెలిసిపోతుందా ఇవాళ?"

"చూద్దాం" అన్నాను. తాళం ఇచ్చాడు.

217 కవరు అడుగు అరలో దొరికింది. పేరు రాయాల్సిన చోట మా అన్నయ్య పేరుంది. చిరునామా మా ఇంటిది. చేతిరాత మా ఫ్రిజ్ మీద రోజూ చూసేదే. పాలు, సబ్బు, బల్బు అని రాసి ఉండే చేతిరాత.

ఇంకోటి గుర్తొచ్చింది. ఆరేళ్ళ కింద ఒక రోజు మా పోస్టు డబ్బాలో అన్నయ్య పేరు మీద ఒక కవరు. పోయిన మనిషికి ఉత్తరం ఏమిటా అని చూస్తే మా నాటకశాల ముద్రే. ఏదో పాత ఆహ్వానమనుకున్నాను. "వదినా, నీకే" అని తీసుకెళ్ళి చేతికిచ్చాను. విప్పకుండానే తువ్వాళ్ళ కింద పెట్టింది. "ఏముంది అందులో?" అంటే "ఏదో పాత ఉత్తరంలే" అంది.

తిరస్కరించింది నేను. ఆ ఉత్తరం మోసుకెళ్ళి చేతిలో పెట్టిందీ నేనే. ఇక నూట నలభై ప్రదర్శనలు ఆమె తెర పక్కన కూర్చుని తన దృశ్యాన్ని ఎవరో ఆడుతుంటే చూసింది. ఆ ఆరు నిమిషాల్లో మాటల్లేవు. ప్రాంప్టరుకి పని లేదు. ఊరికే కూర్చోవాలి.

ఇంతా తెలిశాక మనిషన్నవాడు ఏం చేయాలి? వెళ్ళి కాళ్ళ మీద పడాలి. నేనేం చేశానో చెబుతాను.

తిరస్కరించినవాటి అరలోంచి 340 లాగాను. ఒక హత్య కేసులో చిలక సాక్ష్యం చెప్పే నాటకం. దాన్ని నీలం ఫైల్లో పెట్టి హాల్లో బల్ల మీదికి చేర్చాను. 217 నీ, దాని కవరునీ సామాన్ల గదిలో చెక్క కత్తుల పెట్టెలో, అడుగున తోసి పైన రెండు డాళ్ళు పెట్టాను. పావుగంట పట్టింది. చేతులు వణకలేదు. ఇప్పుడు తలుచుకుంటే భయమేసేది ఆ సంగతే.

నాలుగైంది.

అధ్యక్షురాలు మైకు ముందుకొచ్చింది. వేరే నాటకశాల లిటరరీ మేనేజర్. ఆమె చేతిలో పడిన నాటకం సగమై బయటికొస్తుంది కాబట్టి వెనకాల కత్తెరమ్మ అంటాం. ముందు మేడమ్ అంటాం.

"ఇవాళ మన నిందితుడు సాయంత్రం సన్మానితుడు కూడా. కాబట్టి చేతులెత్తేటప్పుడు మొహమాటపడకండి" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

వదిన వచ్చి బల్ల ముందు కూర్చుంది. కొత్త కళ్ళద్దాలు ఒకసారి తుడుచుకుంది. గొంతు సవరించుకుంది. ఫైలు తెరిచింది.

ఆగింది. మూడు సెకన్లు, మించితే నాలుగు. ఒక పేజీ తిప్పింది. మళ్ళీ వెనక్కి తిప్పింది. తర్వాత తలెత్తి మూడో వరసలో ఉన్న నన్ను చూసింది. కోపంగా కాదు. దారిలో ఎవరినో చూసి, తెలిసినవాళ్ళే అనుకుని, కాదని తెలిశాక చూసే చూపది.

చదవడం మొదలుపెట్టింది.

"మొదటి అంకం. పంజరంలో చిలక. చిలక: నేను చూశాను, నేను చూశాను."

హాలు పడీపడీ నవ్వింది. వార్తలు చదివే గొంతులో చిలక మాటలు వస్తుంటే ఎవరికైనా నవ్వొస్తుంది. అరగంట చదివింది. ఒక్క మాట తడబడలేదు. తర్వాత నా పాత కార్డు అధ్యక్షురాలే చదివింది: "చిలక తప్ప ఎవరికీ వ్యక్తిత్వం లేదు. చిలకని తీసుకుంటాం, నాటకం వద్దు." ఈలలు వేశారు. ఒక్క చెయ్యి కూడా నాకు వ్యతిరేకంగా లేవలేదు.

"ఇంత తేలికైనదాన్ని ఎవరెంచారండీ? క్షమాపణల గంట పరువు తీశారు" అంది అధ్యక్షురాలు.

వెనక వరసలోంచి బీరువా లేచాడు. నోరు తెరిచాడు. నన్ను చూశాడు. నేను చేతి గడియారం చూసుకున్నాను.

"నేనే మేడమ్" అన్నాడు. "పొరపాటైంది."

టీ దగ్గర నా పక్కకొచ్చి నిలబడ్డాడు. "నేను పెట్టింది అది కాదు సార్."

"ఎక్కడో మారిపోయి ఉంటుందిలే."

"మారదు సార్. నేను మూడుసార్లు చూసుకుంటాను." కప్పు బల్ల మీద పెట్టేశాడు, తాగకుండానే. "నాకేం పర్లేదు, నన్ను తిట్టారు, అయిపోయింది. ప్రాంప్టరు మేడమ్ కోసం బాధగా ఉంది. 217 చదవాలని ఆవిడకి పోయిన వారమే చెప్పాను. ఏదో లాటరీ తగిలినట్టు చూశారు. నిజంగానా, మొత్తం చదవనిస్తారా అని రెండుసార్లు అడిగారు. మర్నాడే వెళ్ళి కళ్ళద్దాలు చేయించుకొచ్చారు."

అక్కడి నుంచి వచ్చేశాను. బెల్టులో కార్డు అంచు పొట్టకి గుచ్చుకుంటోంది.

ఐదున్నరకి నన్ను స్టేజీ మీదికి పిలిచారు. వెలుగులు. చప్పట్లు. అద్దం లాంటి జ్ఞాపిక చేతికిచ్చారు, దాని మీద ఒక సూది, దారం బొమ్మ చెక్కారు. అధ్యక్షురాలు నా చెవిలో "ఏడవకు, ఫోటో పాడవుతుంది" అంది.

మైకు ముందు నిలబడ్డాను. ప్రసంగం మొదటి వాక్యం నాకు తెలుసు. "ఈ గౌరవం నాది కాదు, మా నాటకశాలలో పనిచేసే ప్రతి ఒక్కరిదీ." అందరూ ఎక్కడైనా చెప్పే మాటే. రెండు రోజులు వల్లించాను. నోరు తెరిచాను. ఏమీ రాలేదు.

తలుపు దగ్గర బీరువా నిలబడి ఉన్నాడు, తాళాల గుత్తి చేతిలో. ముందు వరసలో ఎవరో దగ్గారు. పది సెకన్లయిందేమో. స్టేజీ మీద పది సెకన్లంటే బయట పది నిమిషాలు. నడుము దగ్గర చెమటకి కార్డు మెత్తబడుతోంది. కోటు బిగుసుకుపోయింది. చేతులు జేబుల్లో పెట్టుకుందామంటే జేబుల్లేవు.

అప్పుడు ఎడమ పక్క తెరలోంచి, నాకు మాత్రమే వినిపించేంత చిన్నగా, ఆ గొంతు వచ్చింది.

"ఈ గౌరవం నాది కాదు..."

నాలుగు మాటలు. ఆగిపోయింది.

ఐదోది నటుడిదే.

"ఈ గౌరవం నాది కాదు" అన్నాను. తర్వాతి ముక్క నాలుక మీదికి వచ్చింది కూడా. మా నాటకశాలలో పనిచేసే ప్రతి ఒక్కరిదీ. అది చెబితే గండం గడిచేది. చప్పట్లు కొట్టేవాళ్ళు, ఫోటోలు తీసేవాళ్ళు, ఇంటికెళ్ళేవాళ్ళం. పొద్దున ఫ్రిజ్ మీద పాలు, సబ్బు అని రాసి ఉండేది.

జ్ఞాపికని కింద పెట్టాను. చొక్కా పైకి లాగి బెల్టులోంచి కార్డు తీశాను. హాల్లో ఎవరో నవ్వారు, ఇదీ చమత్కారమే అనుకుని.

"ఇది 217 నంబరు స్క్రిప్టు కార్డు. రాసింది నేను. ఆరేళ్ళ కింద." చదివాను. నవ్వులపాలవుతుంది అన్న మాట దగ్గర నవ్వడానికి ఎవరూ మిగల్లేదు. చివరి దృశ్యంలో ఏముందో చెప్పాను. పొద్దున ఫైలు మార్చింది నేనని, బీరువా ఎంచింది ఇదని, తిట్లు తినాల్సింది నేనని చెప్పాను. రాసిందెవరో మాత్రం చెప్పలేదు. అది చెప్పే హక్కు నాకు లేదు. "క్షమాపణల గంట అయిపోయిందని తెలుసు. అయినా చెబుతున్నాను. క్షమించండి" అని తెర వైపు తిరిగి అన్నాను.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టి ఉంటే నాకు ఇంకా అసహ్యం వేసేది.

అధ్యక్షురాలు జ్ఞాపికని తీసుకుని కండువాలో చుట్టి సంచిలో పెట్టుకుంది. "మధ్యలోది చదవకుండానే కార్డు రాశావా?" అంది, ఆ ఒక్కటే.

"అవును."

"మనందరం అదే చేస్తాం. వెధవపని" అని వెళ్ళిపోయింది. మా డైరెక్టరు సోమవారం పదింటికి తన గదికి రమ్మన్నాడు. ఎందుకో అడగలేదు. జడ్జి నాటకం రచయిత మూడుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు.

హాలు ఖాళీ అయ్యాక తెర పక్కకి వెళ్ళాను. వదిన ఇంకా తన స్టూలు మీదే ఉంది. దీపం ఆర్పలేదు.

"నీకెవరు చెప్పమన్నారు?" అంది.

"నువ్వే కదా అందించావు."

"ఆగిపోయావు, అందించాను. అది నా పని. ఇంకాస్త ఆగి ఉంటే మిగతాది కూడా అందించేదాన్ని." కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. నిజమో అబద్ధమో ఆ గొంతులో ఎప్పుడూ తెలియదు.

"నాకు గుర్తులేదు వదినా. ఆ సీను నాదే అనుకున్నాను."

"తెలుసు. నువ్వు దొంగవి కాదు. దొంగకి ఏం ఎత్తుకెళ్తున్నాడో తెలుస్తుంది." ఒళ్ళో కళ్ళద్దాలు మడిచి, "సీను పోయినందుకు కాదురా నాకు. నూట నలభై సార్లు చూశాను, బాగానే ఆడింది ఆ పిల్ల. దారం కొరికేటప్పుడు మాత్రం తొందరపడేది. నాకు కాలింది ఈ కార్డుకి."

నా చేతిలోంచి తీసుకుంది. చదవలేదు. ఇంతకాలం చూడకపోయినా అందులో ఏముందో తెలుసు. ఉత్తరంలో ఆ మాటలే దింపి పంపుతాం కదా.

"భర్త ఎలా పోయాడో రచయిత చెప్పడు" అంది. "చెప్పాడు నాయనా. ముప్ఫై ఒకటో పేజీలో చెప్పాడు. మొత్తం నాటకం ఆ పేజీ కోసమే రాశాను. ఇక్కడ అన్నీ చదివేది నువ్వే కదా. నీకు ఎదురుగా చెప్పే ధైర్యం లేక, నీ బల్ల మీదికి వచ్చేలా పంపాను. పైన పేరుండదు, నీకు తెలియకుండానే చదువుతావు, తర్వాత ఎప్పుడో నేనే అని చెబుదామనుకున్నాను. నువ్వు చదివావు. తలా తోకా."

నాకు మాట రాలేదు. ఈసారి ఆమె కూడా అందించలేదు.

"ఇవాళ కోటు అందుకేనా ఇచ్చావు?"

"నాలుగింటికి నేను చదువుతుంటే నువ్వు ఆ కోటులో కూర్చుని వింటావనుకున్నాను. జేబులో చెయ్యి పెడతావు, తెలుస్తుంది అనుకున్నాను. ఆ జేబులో కార్డు దాచబోతావని అనుకోలేదు."

"ఎలా తెలుసు?"

"కార్డు పొట్ట దగ్గర్నించి తీశావు కదరా. జేబులున్న మనిషి అక్కడెందుకు పెట్టుకుంటాడు?"

సామాన్ల గదికి వెళ్ళి చెక్క కత్తుల కిందనుంచి 217 తెచ్చాను. అట్ట మీద దుమ్ము నా చొక్కాకే తుడిచాను. ఆమె స్టూలు జరిపి దీపం నా వైపు తిప్పింది.

"పదకొండో పేజీ నుంచి. పైకి చదువు. నటన వద్దు."

చదివాను. భార్యాభర్తలు, భర్త తమ్ముడు, ఒక ఇల్లు. తమ్ముడు స్క్రిప్టులు చదవడు, పరీక్షలు రాస్తుంటాడు. అంత మాత్రం మార్చింది. ఇరవయ్యో పేజీలో నేను చిన్నప్పుడు వేసిన వెధవ జోకు ఒకటుంది. ఇరవై ఆరులో అన్నయ్య చెప్పులు వెతుక్కునే తీరు. నవ్వొచ్చింది. ఇద్దరం నవ్వాం. బయట వరండాలో బీరువా గదులకి తాళాలు వేస్తున్న చప్పుడు. మా తలుపు దగ్గరికొచ్చి, వెలుగు చూసి, వేయకుండానే వెళ్ళాడు.

ముప్ఫై ఒకటి.

భార్య భర్త కోటు దులుపుతోంది. లోపలి జేబులో మడతపెట్టిన కాగితం. డాక్టరు చీటీ. తేదీ చూస్తుంది. నాలుగు నెలల కిందటిది. చదువుతుంది. గుండె సంగతి అంతా ఉంది అందులో. తమ్ముడి పరీక్షలయ్యేదాకా ఎవరికీ చెప్పకూడదని భర్త దాచాడు. బయట అతని అడుగుల చప్పుడు.

నేను చదవడం ఆపేశాను. తర్వాతి వాక్యం ఎదురుగానే ఉంది. కళ్ళు అక్షరాల మీద నిలవడం లేదు.

ఆమె దీపం వైపు చూస్తూ, కాగితం అక్కర్లేకుండా, ఇరవై రెండేళ్ళుగా అందరికీ అందించిన ఆ చిన్న గొంతుతో అందించింది.

"ఆమె చీటీని మళ్ళీ మడిచి..."

నాలుగు మాటలు. ఆగింది. ఈసారి నా కోసం కాదని తెలుస్తోంది. ఐదో మాట ఆమెకే రావడం లేదు. ఎనిమిదేళ్ళుగా రావడం లేదు.

నేను పేజీ దగ్గరికి తెచ్చుకుని, తడబడకుండా, ఆమె కోసం చదివాను.

"అదే జేబులో పెట్టేస్తుంది. ఏమీ చూడనట్టు."